అత్త ఎంచుకున్న గొడ్డలి

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా వాడు ఫోను పట్టుకొచ్చి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. వాడు పరవాడలో మందుల కంపెనీలో పని చేస్తాడు. వారానికి ఆరు రోజులు కంపెనీ బస్సులో వెళ్ళి ఒంటినిండా మందుల వాసనతో తిరిగొస్తాడు. ఆ వాసన వదిలించుకోవడానికి కాబోలు, ఈ మధ్య స్నేహితులతో కలిసి కొండలెక్కడం మొదలెట్టేడు. కొండలెక్కడానికి కాళ్ళుంటే చాలనుకునేదాన్ని. చాలవట. డేరా కావాలి, నుదుటికి కట్టుకునే దీపం కావాలి, ఇప్పుడు కొత్తగా గొడ్డలి కూడా కావాలి. ఫోనులో మూడు బొమ్మలు చూపించేడు. చిన్న తల, సన్నటి చేతికర్ర, తల వెనకవైపు ముల్లులాంటి మొన. దాన్ని టామహాక్ అంటారట. బొమ్మ కింద రాసింది వాడే చదివి వినిపించేడు: కట్టెలు కొట్టుకోవచ్చు, డేరా మేకులు దిగ్గొట్టుకోవచ్చు, అవసరం పడితే ఆత్మరక్షణకి పనికొస్తుంది. "ఏది తీసుకోమంటావమ్మా?" అన్నాడు. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పినదాన్ని, కప్ప గుండెకి ఎన్ని గదులని అడిగితే నిద్దట్లో కూడా చెప్తాను. గొడ్డలి సంగతి నన్నడగడమేమిటో! "బరువెంత?" అన్నాను. గ్రాముల్లో చెప్పేడు. "చేత్తో పట్టుకుని చూడకుండా ఎలా కొంటావురా?" అంటే, "నచ్చకపోతే తిరిగి పంపించెయ్యొచ్చమ్మా" అని నవ్వేడు. ఆ మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. పదహారేళ్ళ కిందట నేను దగ్గరుండి ఎంపిక చేయించిన గొడ్డలి ఒకటుంది. దాన్ని తిరిగి పంపించెయ్యడానికి ఎవరికీ వీలు పడలేదు.

అది మా మేనత్త కోసం. నాన్నగారి చెల్లెలు. కశింకోట దాటాక లోపలికున్న ఒక ఊళ్ళో రెండున్నర ఎకరాల చెరుకు, కాస్త వరి, వాటి మధ్యలో రెండు గదుల రేకుల ఇల్లు. పిల్లలు లేరు. మావయ్య పోయాక అందరం అనకాపల్లి వచ్చెయ్యమన్నాం. "వత్తే మీ ఇంటి కాడ నానేటి సెయ్యాలి? టీవీ సూడాలా?" అంది. అప్పటికావిడకి అరవై దగ్గర. మనిషి పొట్టి, చేతులు మాత్రం పొడుగు. ఆ చేతులతోనే కలుపు తీసేది, చెరుకు గెడలు పడిపోకుండా నాలుగేసి గెడలు కలిపి వాటి ఆకులతోనే జడచుట్టు కట్టేది, పనివాళ్ళతో సమానంగా మోపులు మోసేది. పని చేస్తున్నంత సేపూ గట్టిగా పాడుకునేది. ఆ పాటలకి రాగం ఉండేది కాదు గాని ఓపిక ఉండేది. రోడ్డు మీద షేరాటో దిగితే చాలు, ఆవిడ చేలో ఏ మూల ఉందో చెప్పెయ్యొచ్చు.

ఆవిడ చేను పక్కదే ఆవిడ మరిది చేను. ఇద్దరికీ మధ్య ఒక గట్టు. మావయ్య బతికున్నన్నాళ్ళూ గట్టు గట్టులాగే ఉండేది. ఆయన పోయిన ఏడాదినుంచి దానికి కాళ్ళొచ్చినట్టు అత్త వైపు జరగడం మొదలెట్టింది. అత్త అడిగితే, వానకి కోసుకుపోయింది వదినా అనేవాడు. వాన ఎప్పుడూ ఒక వైపే కోస్తాదేటి అని అత్త. ఇలా రెండేళ్ళు నడిచేక, ఒక చెరుకు నరుకుడు రోజున పదిమంది కూలీల ఎదట అతనన్నాడట: "ఆడమనిషివి, ఒక్కదానివి తిరుగుతన్నావు. సెరుకు తోటలో ఏదైనా జరగొచ్చు. జాగర్త వదినా." జాగ్రత్త అన్న మాటని బెదిరింపుగా అనడం మా వైపు మగవాళ్ళకి ఒక విద్య. పోలీసులకి చెబితే, మంచిమాటే కదమ్మా అంటారు. అత్త ఎవరికీ చెప్పలేదు. ఆ శనివారమే నా దగ్గరకొచ్చి, "నాకో గొడ్డలి కావాలే. తోటలో అడవిపందులు పడతన్నాయి" అంది. పందులు పడుతున్న మాట నిజమే. పందుల కోసమైతే అంత మెల్లగా చెప్పక్కర్లేదని నాకు తెలుసు. నేను తరచి అడిగేక అసలు సంగతి చెప్పింది.

ముందు మెయిన్ రోడ్డులో హార్డ్‌వేర్ షాపుకి తీసుకెళ్ళేను. అక్కడ పసుపురంగు ఫైబర్ కర్రతో, పెయింటు మెరుపుతో ఫ్యాక్టరీ గొడ్డళ్ళు వేలాడుతున్నాయి. నాకు తెగ నచ్చేయి. అత్త ఒకటి అందుకుని, కొంగుతో అరచేతి చెమట కూడా తుడుచుకోకుండా అటూ ఇటూ తిప్పి, "జారతాది" అని పెట్టేసింది. నేనూరుకోకుండా పాఠం మొదలెట్టేను. కర్ర పొడుగైన కొద్దీ దెబ్బకి బలం పెరుగుతుందనీ, ఇది మీటసూత్రమనీ చెప్పేను. షాపాయన శ్రద్ధగా తలూపేడు. అత్త అంతా విని, "సెరుకులో సెయ్యి తిప్పడానికి సోటేదే? మీ పుస్తకంలో సెరుకు తోట ఉందా?" అంది. లేదు మరి.

అక్కణ్ణుంచి కొలిమికి వెళ్ళేం. శారదానది వంతెన దిగేక రోడ్డు వారగా రేకుల షెడ్డు. తిత్తి బదులు కరెంటు బ్లోయరు, పాత లారీల కమాను పట్టీలు ఒక పక్క గుట్ట. కమ్మరాయన అత్త వయసువాడే. కనుబొమలు నిప్పుకి కాలి కాలి ఉన్నాయో లేవో అన్నట్టుండేవి. అత్త కావలసింది చెప్పగానే ఆయన సుత్తి దించేడు.

"పనికా అమ్మా, దెబ్బకా?"

"పనికే. పని లేనప్పుడు దెబ్బకి."

ఆయన నవ్వలేదు. "పని గొడ్డలికి బరువు తలలో ఉండాలి. దెబ్బ గొడ్డలికి బరువు సేతి దగ్గరుండాలి. రెండూ ఒకదాంట్లో పెడితే రెండిటికీ సెడుతుంది."

"మజ్జినెక్కడో పెట్టు" అంది అత్త, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు.

ఆయన అయిదారు తలలు తీసి నేల మీద పరిచేడు. అత్త ఒక్కొక్కదాన్నీ వేలితో కొట్టి మోత విన్నది. కర్ర దూర్చే కన్నం దగ్గర పగులుందేమోనని గోరుతో గీకి చూసింది. ఆయన అరిగిపోయిందని పక్కన పడేసిన చిన్న తలనే చివరికి పట్టుకుంది. చేతికర్ర తుమ్మది కావాలంది. పొడుగు మోచేతినుంచి వేలి చివరిదాకా, అంతే. కర్ర బిగించేక దాన్ని కుడిచేత్తో పట్టుకుని, చెయ్యి బారుగా చాపి నిలబడింది. సరిగ్గా అప్పుడే రైలు వంతెన మీద గూడ్సుబండి వచ్చింది. అత్త పెట్టెలు లెక్కపెట్టడం మొదలెట్టింది. కొలిమిలో ఇనుము చల్లారిపోతున్నా కమ్మరాయన అలా చూస్తూ ఉండిపోయేడు. నలభై పెట్టెలు దాటేదాకా ఆ చెయ్యి వణకలేదు. బండి వెళ్ళిపోయేక, "ఇదే" అంది.

ఇక నా వంతు తెలివి ఒకటి ఖర్చు పెట్టేను. "అంచు బాగా పదును పట్టండి. బ్లేడులా ఉండాలి" అన్నాను. ఆయన నావైపు చూసి, "అంత పదును కట్టెలకి అక్కర్లేదు టీచరుగారూ. పదును మరీ ఎక్కువైతే మనిషి సెయ్యాపుకునే లోపలే పనైపోతాది" అన్నాడు. నేను వినలేదు. అత్తకి ఏదైనా జరుగుతుందన్న భయం తప్ప, అత్త చేత ఏదైనా జరుగుతుందన్న ఊహ నాకు లేదు. ఆయన సానరాయి మీద పదును పట్టి, వెంట్రుక తెంపి చూపించి మరీ ఇచ్చేడు.

ఆ రోజునుంచి గొడ్డలి అత్త నడుముకి వెనకవైపు, గుడ్డ చుట్టుకుని ఉండేది. ఊళ్ళోవాళ్ళు గొడ్డలమ్మ అని పేరు పెట్టేరు. ఆవిడ దాంతో తుమ్మకొమ్మలు కొట్టింది, ఎండు కొబ్బరిమట్టలు చీల్చింది, మేకులు దిగ్గొట్టింది, ఒకసారి నా ఎదటే పనసకాయ కోసింది. పందులు మాత్రం దెబ్బ అందేంత దగ్గరకి ఒక్కసారీ రాలేదు. మరిది కూడా మాటలు తగ్గించేడు. బాగానే ఉందనుకున్నాను. ఒక మార్పు మాత్రం ఆలస్యంగా తెలిసింది. ఆ శీతాకాలం ఒకసారి నేను షేరాటో దిగి గట్ల మీద నడుస్తుంటే ఆవిడెక్కడుందో తెలీలేదు. గట్టిగా పిలిచేక, పది అడుగుల దూరంలో చెరుకు ఆకులు విడదీసుకుని బయటికొచ్చింది. "పాడట్లేదేం అత్తా?" అంటే, "పాడుతుంటే ఎవరైనా వత్తే ఇనబడదు గదే" అంది. గొడ్డలి చేతికి రాకముందు ఆవిడ తోటలో పని చేసేది. వచ్చేక కాపలా కాస్తోంది.

ఆ మాటయిన వారం రోజులకే, తొమ్మిదో తరగతికి గుండె బొమ్మ బోర్డు మీద వేస్తుండగా నా ఫోను మోగింది. అత్త అంతకుముందెప్పుడూ బడివేళ ఫోను చెయ్యలేదు.

"ఏవే... ఓసారి పెద్దాసుపత్రికి రాయే. నాను మనిషిని నరికేసేనే."

గుండె బొమ్మలో ఎడమ గది సగం గీసి సుద్దముక్క అక్కడే వదిలేసేను. ఆటోలో వెళ్తున్నంత సేపూ నాకు మరిది మొహమే కనపడుతోంది. నిజం చెప్పాలంటే అతని మీద జాలి కన్నా, అత్త జైల్లో ఎలా ఉంటుందన్న ఆలోచనే ఎక్కువగా వచ్చింది. ఆసుపత్రి వరండాలో అత్త నిలబడి ఉంది. చీర కొంగు సగం చింపేసి ఉంది, మిగిలిన సగం రక్తం. గదిలో బల్ల మీద బోర్లా పడుకున్నది మరిది కాదు. మరిది భార్య, అత్త తోటికోడలు.

జరిగింది ఇది. మధ్యాహ్నం పన్నెండు దాటేక అత్త తోట నడిమధ్యన జడచుట్టు కడుతోంది. వెనకాల ఆకుల చప్పుడైంది. పందైతే గురగురమంటుంది, కుక్కైతే పరిగెడుతుంది. ఇది ఆగి ఆగి నడుస్తోంది. "ఎవులది?" అంది అత్త. జవాబు లేదు. మళ్ళీ అడిగింది. జవాబు లేదు. చప్పుడు వీపు వెనక్కి వచ్చేసింది. అత్త గొడ్డలి లాగి, తిరుగుతూ తిరుగుతూనే వేసింది. చెయ్యి కదిలేక గాజులు కనిపించేయి. ఆపుకోబోయింది. దెబ్బ ముందు ఒక చెరుకు గెడకి తగిలి, దాన్ని అరటిబోదెలా దాటేసి, భయంతో పక్కకి తిరిగిన ఆ మనిషి భుజం వెనక్కి దిగింది. ఇంకాస్త లోతుగా దిగి ఉంటే ఏమయ్యేదో డాక్టరు తర్వాత నాకొక్కదానికే చెప్పేడు. అత్తకి ఇప్పటికీ చెప్పలేదు. కొంగు చింపి కట్టు కట్టి, ఆమెని దాదాపు మోసుకుంటూ రోడ్డుకి తెచ్చింది అత్తే. వచ్చిన షేరాటోలో ఉన్నవాళ్ళు ఒక్క మాట అడక్కుండా దిగిపోయేరట.

డాక్టరు కుర్రవాడే గాని గట్టివాడు. కుట్లు వేస్తూ, "ఎలా తగిలిందమ్మా?" అని అడిగేడు. అత్త నోరు తెరిచింది. బల్ల మీదున్న మనిషి అంతకన్నా ముందే అంది.

"కాలు జారి సెరుకుకత్తి మీద పడిపోయేను బాబూ."

"వెల్లకిలా పడ్డావా?"

"ఆఁ, ఎల్లకిలానే."

"కత్తి నీకోసం నిటారుగా నిలబడి ఉందా?"

"మా పొలంలో అలాగే పెడతాం బాబూ" అందావిడ, నొప్పికి పళ్ళు బిగబట్టి. డాక్టరు నావైపు చూసేడు. నేను ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎంతమంది పిల్లల అబద్ధాలు పట్టుకున్నానో లెక్కలేదు. ఆ రోజు గోడ మీద క్యాలెండరు చూసేను. ఆయన మళ్ళీ మళ్ళీ అడిగేడు. ఆమె మాట మార్చలేదు. చివరికి ఆమె చెప్పినట్టే రాసుకున్నాడు. ఏడు కుట్లు.

డాక్టరు వెళ్ళిపోయేక అత్త ఆమె తల దగ్గర కూలబడింది. "పిలిత్తే పలకాలి గదే. రెండుసార్లు పిలిచేను గదే" అని అదే మాట. ఆవిడ మెల్లగా అంది: "పలికితే పక్క సేలో ఆయనకి ఇనబడదా అప్పా?" మా వైపు అక్కని అప్ప అంటారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో అలా పిలిచేది. గట్టు తగువు మొదలయ్యేక ఆ పిలుపు మానేసిందని అత్త తర్వాత చెప్పింది. "శుక్రోరం మట్టి తవ్వే ప్రొక్లెయినొత్తాది. నువ్వు నక్కపల్లి పెళ్ళికెల్తావని తెలిసి ఆ రోజే మాటాడేడు. నువ్వొచ్చేసరికి గట్టు తీసేసి, రెండు సాళ్ళు లోపలికి కొత్త గట్టు ఏసేత్తాడు. సెబుదావనే వచ్చేను."

అత్త ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. నేనే ఉండబట్టలేక, మీ ఆయనకి వ్యతిరేకంగా ఎందుకొచ్చేవమ్మా అని అడిగేను. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉంది కాబట్టి మొహం కనపడలేదు. "ఆయనకి పంచదార జబ్బు. రేపొద్దున నానూ ఒక్కదాన్నైపోతే, నా గట్టూ ఇలాగే జరుగుతాది గదండి" అంది.

శుక్రవారం నేను సెలవు పెట్టేను. నక్కపల్లి పెళ్ళికి చదివింపులు వేరేవాళ్ళ చేత పంపించి, ఉదయం ఎనిమిదింటికల్లా అత్తా నేనూ గట్టు మీద తుండుగుడ్డ పరుచుకుని కూర్చున్నాం. ఆవిడ నడుముకి గొడ్డలి లేదు. తెచ్చుకోలేదేమని నేను అడగలేదు. తొమ్మిదింటికి పసుపురంగు యంత్రం బాట పట్టి వచ్చింది, దాని ముందు మోటారు సైకిలు మీద మరిది. మమ్మల్ని చూసి బండి ఆపేడు.

"పెళ్ళికెల్లలేదా వదినా?"

"లేదు" అంది అత్త.

అతను ఇంకేదో అనబోతుంటే వెనకాల బాట మీద అతని భార్య వస్తోంది. చెయ్యి మెడకి కట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ. మొగుణ్ణి దాటుకుని వచ్చి గట్టు మీద అత్త పక్కన కూర్చుంది.

"నువ్వేటి ఇక్కడ? ఇంటికెల్లు."

"ఇంట్లో ఉక్కగా ఉంది. కుట్లు లాగుతన్నాయి. ఇక్కడ గాలి బాగుంది" అందావిడ.

యంత్రం నడిపేవాడు ఇంజను ఆపేసేడు. ఆ చప్పుడు ఆగేసరికి తోట అంతా ఒక్కసారి వినిపించినట్టయింది. మరిది తన భార్య భుజం వైపు చూసేడు, అత్త వైపు చూసేడు. "కత్తి మీద పడ్డానన్నావు గదా?" అన్నాడు, ఎవర్ని అడుగుతున్నాడో తనకే తెలీనట్టు. తోటికోడలు చెయ్యి అత్త మోకాలి మీద పడింది, చెప్పొద్దని. అత్త ఆ చెయ్యి మెల్లగా తీసి పక్కన పెట్టి లేచి నిలబడింది.

"కత్తి కాదురా. నానే కొట్టేను. నీ మీద భయానికి నీ పెళ్ళాన్ని కొట్టేను. కేసెడతావో, ఏం సేత్తావో సెయ్యి."

నేను అతని చేతులే చూస్తున్నాను. "నానేటన్నానని భయం?" అన్నాడతను. గొంతులో కోపం ఉందనుకున్నాను, లేదు. అత్త ఆ చెరుకు నరుకుడు రోజు అతనన్న మాటని, అతనన్న గొంతుతోనే, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. పదిమంది ఎదట అన్నప్పుడు చాతుర్యంలా ఉన్న మాట, ముగ్గురాడవాళ్ళ ఎదట తిరిగి వినేసరికి అతనికి వేరేలా వినిపించినట్టుంది. తల దించుకుని చెప్పుతో మట్టి గీకుతూ ఉండిపోయేడు. యంత్రం మీదున్నవాడు, "ఏదోటి తేల్చండి బావా, నాకు ఇంకో దగ్గర పనుంది" అన్నాడు. "ఎల్లిపో" అన్నాడు మరిది. భార్యని బండెక్కమన్నాడు. ఆవిడ ఎక్కలేదు, నడిచే వెళ్ళింది. అతను బండి స్టార్టు చెయ్యకుండా తోసుకుంటూ ఆవిడ వెనకాలే నడిచేడు.

దాంతో అతనేమీ మహానుభావుడైపోలేదు. కేసు పెట్టలేదు, క్షమాపణా చెప్పలేదు. ఏడాది తర్వాత సర్వేయరుని తీసుకొచ్చి రాళ్ళు పాతించేడు. కొలతలో తేలిందేమిటంటే, ఒక మూల దగ్గర జానెడు మేర అతని మాటే నిజం. అత్త ఆ జానెడూ వదిలేసి, "ఇదైనా నిజమే సెప్పేడు" అని సంతోషించింది. గొడ్డలిని ఇంటి వెనక పొయ్యి దగ్గర పెట్టింది. కట్టెలు కొట్టడానికి తప్ప మరి దేనికీ తియ్యలేదు, మళ్ళీ పదును పట్టించలేదు. రెండు మూడేళ్ళకే అది చెక్కముక్కలా మొద్దుబారిపోయింది. నాకు మాత్రం, నేను పట్టించిన పదును ఇంకా చేతికి తగులుతున్నట్టే ఉంటుంది.

అత్తకిప్పుడు డెబ్భై ఆరు. చేను కౌలుకిచ్చేసింది గాని ఇల్లు వదల్లేదు. పోయిన నెల నేను వెళ్ళేసరికి తోటికోడళ్ళిద్దరూ అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నారు. నేను పక్కన కూర్చుని, ఎన్నాళ్ళనుంచో అడగాలనుకున్నది అడిగేను: "అత్తా, ఆ భయం నీకెప్పుడు పోయింది?" ఆవిడ పిక్క తీస్తూ ఆలోచించింది. మరిది ఆ మాటన్న రోజు అతను కట్టుకున్న లుంగీ రంగు చెప్పింది, ఎండ ఎంతెక్కిందో చెప్పింది, ఆ పూట కూలీలకి ఏ పచ్చడి పెట్టిందో కూడా చెప్పింది. భయం పోయిన రోజు మాత్రం తోటికోడల్ని అడిగినా తెలీలేదు. "నువ్వడిగేదాకా పోయిందనే ఎరగనే" అంది. భయం వచ్చిన పూట మనిషికి ఎండపొడతో సహా గుర్తుండిపోతుంది. పోయిన పూటని కాలం ఎవరికీ చెప్పకుండా తనతో పట్టుకుపోతుంది.